సోమవారాలు వణికే కారు

మా కారుకు సోమవారం జబ్బు పట్టుకుంది. మిగతా రోజుల్లో కాస్త బుద్ధిగానే ఉండేది. సోమవారం పొద్దున స్కూలుకు బయల్దేరదామని తాళం తిప్పితే మాత్రం చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికేది. రేసు ఇస్తే ఏ గొడవా లేదు. కాలు తీసి, గేరు న్యూట్రల్లో పెట్టి, ఇంజను తన మానాన తాను తిరగాల్సిన చోట మాత్రం స్టీరింగు, డాష్‌బోర్డు మీద వినాయకుడు, నా చేతి గాజులు, అన్నీ కలిసి గలగలలాడేవి. రైలు గేటు దగ్గర ఆగామంటే నాలుగు దగ్గులు దగ్గి ఆరిపోయేది. వెనకాల ఆటోలవాళ్లు హారన్లు మోగించేవాళ్లు. ఆడమనిషి నడిపే బండి ఆగిపోతే ఆ హారన్లకు ఇంకాస్త ఉత్సాహం వస్తుంది. ఇది నేను చాలాసార్లు గమనించాను.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అంటారు. అనుమానం దానికంటే ఇంకా ముందు ఉంటుంది, ఆ సంగతి నేనే చెబుతున్నాను. బండి వణికితే బండికి ఏదో అయిందనుకోవడం మామూలు మనుషుల పద్ధతి. ఎవరో ఏదో చేశారనుకోవడం నా పద్ధతి. ఈ పద్ధతి వల్ల జీవితంలో కొన్ని మోసాలు తప్పించుకున్నాను, చాలామందికి దూరమయ్యాను.

మేము ఉండేది నరసరావుపేటలో. పేటకు ఆనుకుని ఉన్న ఒక పల్లెలో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్సు చెబుతాను. ఆ కారు పాతికేళ్లు దాటిన పెట్రోలు బండి, కార్బరేటర్ల కాలం నాటిది. మీటరు ఎప్పుడో ఆగిపోయింది. డ్రైవరు సీటు పట్టాల్లో ఇరుక్కుపోయి ముందుకూ రాదు, వెనక్కూ పోదు. అయినా దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. పెళ్లయిన కొత్తలో ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరి స్కూటరు ఖాళీ అవుతుందా అని చీర కట్టుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. దారిన పోయేవాళ్లంతా ఎక్కడికమ్మా ప్రయాణం అని అడిగేవాళ్లు. కారు నేర్చుకున్నాక ఆ కూర్చోవడం పోయింది. ఈ కారు చేతిలోంచి పోతే మళ్లీ ఆ గుమ్మంలోకి వెళ్లి కూర్చోవాల్సిందే. నా భయమంతా అదే.

మా ఆయనకు డ్రైవింగు రాదు. కోర్టు దగ్గర ఒక వకీలు గారి గుమాస్తా. ఆ వకీలు దగ్గరికి వచ్చేవన్నీ రోడ్డు యాక్సిడెంట్ల కేసులే. ఏ లారీ ఎవరిని ఎక్కడ గుద్దింది, ఏ కాలు ఎక్కడ విరిగింది అని రాసి రాసి ఆయనకు బండి అంటేనే గుండె దడ. సైకిలు తప్ప ఏదీ ముట్టుకోడు. కారులో నా ఎడమ పక్కన కూర్చుని, బ్రేకు తన కాళ్ల దగ్గరే ఉన్నట్టు నేలను తొక్కుతూ ఉంటాడు. కొన్ని నెలల కిందట ఉన్నట్టుండి స్టీరింగు మీద చెయ్యి వేసి పక్కకు తిప్పాడు. ఏంటని అరిస్తే గుంట ఉందన్నాడు. నాకైతే ఏ గుంటా కనిపించలేదు. ఇంటికొచ్చాక, ఈ బండి పాతదైపోయింది, అమ్మేద్దాం, హాయిగా ఆటోలో తిరుగుదాం అన్నాడు. నేను అన్నం తినకుండా పడుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ అదే పాట పాడాడు. ఉన్నట్టుండి మానేశాడు. ఆయన అడగడం కంటే మానేయడమే నాకు ఎక్కువ అనుమానం తెప్పించింది. అడిగేవాడు నా ఒప్పుదల కోసం చూస్తున్నట్టు. మానేశాడంటే ఇంకేదో దారి దొరికినట్టు.

బండి వణకడం ఆ తర్వాతే మొదలైంది.

ముందు పెట్రోలు బంకును అనుమానించాను. బంకు మార్చాను. వణుకు మారలేదు. తర్వాత మెకానిక్కును అనుమానించాను. అతని దగ్గరికి తీసుకెళ్తే ఏదో బిగించి కుదురు చేసేవాడు, సోమవారానికి మళ్లీ అదే వణుకు. బస్టాండు వెనక షెడ్డు, జుట్టుకు రంగు వేసుకుంటాడు, మాట తేనెలా ఉంటుంది. అంత తీయగా మాట్లాడేవాళ్లను నేను నమ్మను. పాత బండ్లలో మంచి సామాను ఊడబీకి అరిగిపోయినవి బిగిస్తారని స్టాఫు రూములో అందరూ చెప్పేమాటే. పైగా అతను ఒకసారి, టీచరుగారూ, ఈ బండి ఎప్పుడైనా అమ్మదల్చుకుంటే నాకు చెప్పండి అన్నాడు. అది చాలదన్నట్టు ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే అతనూ మా ఆయనా టీ బంకు దగ్గర తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటూ కనిపించారు. నన్ను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు. మా ఆయన టీ గ్లాసు కింద పెట్టి, వాడెవడో తనకు తెలియనట్టు రోడ్డు వైపు చూశాడు.

అంటే ఇద్దరూ కలిశారు. బండి రోజూ పరువు తీస్తే విసిగిపోయి నేనే అమ్ముతానంటాను, అదీ వాళ్ల ఎత్తు. నా బండిని నేనే బాగుచేసుకుంటానని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఇంజను గురించి పిల్లలకు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పేదాన్ని, నా ఇంజను ముందు చేతులు కట్టుకుని నిలబడతానా?

స్కూలు అయ్యాక సాయంత్రం, ఫోనులో ఎవరో కుర్రాడు రిపేరు చేసే వీడియో పెట్టుకుని, బానెట్ ఎత్తాను. మా వాకిలి మా ఒక్కరిదే కాదు. పక్క వాటాలో మా తోడికోడలు, బావగారు ఉంటారు. తోడికోడలు ఒకప్పుడు వార్డు మెంబరు. పదవి పోయినా ఆ చూపు పోలేదు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ నా పనిని కౌన్సిలు మీటింగును చూసినట్టు చూసింది. నేను పట్టించుకోలేదు.

ముందు ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో రుద్దాను. ప్లగ్గు కొసన ఉండే సందును చూద్దామంటే ఆ సందు ఒకటికి రెండుగా, మసగ్గా కనిపించింది. చవకరకం ప్లగ్గు అంటగట్టాడని మెకానిక్కును తిట్టుకున్నాను. రబ్బరు పైపులు ఎక్కడైనా చీలాయేమోనని సబ్బునీళ్లు చల్లి చూశాను. నురగ ఎక్కడా లోపలికి పోలేదు, ఇంజను శబ్దమూ మారలేదు. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీస్తే లోపల పత్తి ఉంది. సన్నటి పోగులు, ఫిల్టరు మడతల్లో ఇరుక్కుని ఉన్నాయి. నేను వెళ్లే దారిలో జిన్నింగు మిల్లు లేదు. ఏంటిది అని మా ఆయన్ని అడిగితే ఏదో పత్తి లోడు ట్రాక్టరు వెనకాల పోయుంటావులే అని లోపలికి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన తొందర నాకు నచ్చలేదు.

ఫిల్టరును సైకిలు పంపుతో ఊది, కార్బరేటరు బయట పేరుకున్న మడ్డిని పెట్రోలులో ముంచిన పాత టూత్ బ్రష్షుతో కడిగాను. చివరికి అసలు స్క్రూ దగ్గరికి వచ్చాను. కాలు తీసేశాక ఇంజను ఎంత నెమ్మదిగా తిరగాలో నిర్ణయించేది అది. బిగిస్తే పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. దానికి గుర్తు, తల కింద ఒక చిన్న స్ప్రింగు. వేలితో తడిమితే గరగరా తగులుతుంది. స్క్రూడ్రైవరు దాని గాట్లో పెట్టి, చెవి ఇంజను మీద పెట్టి, కొంచెం కొంచెంగా బిగించాను. దగ్గు తగ్గింది. గాజుల గలగల ఆగింది. వినాయకుడు కుదురుగా కూర్చున్నాడు. నాకు ఎంత సంతోషమైందంటే, మాట్లాడటం మానేసిన తోడికోడలి వైపు తిరిగి నవ్వాను. ఆమె కూడా నవ్వింది గానీ, అది నా నవ్వుకు జవాబులా లేదు. ఏదో తెలిసి నవ్వినట్టు ఉంది.

వారమంతా బండి వెన్నలా నడిచింది. ఆదివారం ఎప్పటిలాగే బస్సులో వినుకొండ వెళ్లి మా అమ్మను చూసి వచ్చాను. ఇదివరకు కారులోనే వెళ్లేదాన్ని. ఈ మధ్య ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువయ్యాయని, ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు మరీ కళ్లలో పొడుస్తున్నాయని బస్సుకు మారాను. పేటలో అయితే బైకులవాళ్లకు కళ్లు నెత్తికెక్కాయి. కుడి పక్క నుంచి చప్పుడు లేకుండా ఊడిపడతారు. మా గేటు కట్టిన మేస్త్రీ కూడా తక్కువవాడు కాదు. కుడి స్తంభాన్ని లోపలికి జరిపి కట్టినట్టున్నాడు, ఈ ఏడాదే కారుకు గీతలు పడటం మొదలైంది.

సోమవారం పొద్దున తాళం తిప్పాను. వణుకు.

బానెట్ ఎత్తి స్క్రూను వేలితో తడిమాను. నేను బిగించినంత లేదు, వదులైంది. దానంతట అది వదులు కాదు, ఆ స్ప్రింగు ఉండేదే అందుకు. అంటే చెయ్యి పడింది. నా అనుమానం నిజమైతే నాకు భయం వేయాలి గదా, కడుపు నిండినట్టయింది.

ఆ సాయంత్రం మళ్లీ సరిచేశాను. ఈసారి సీలు కూడా వేశాను. బీరువాలోంచి ఎర్రటి గోళ్ల రంగు తీసుకొచ్చి, స్క్రూ తలకూ దాని పక్కన లోహానికీ కలిపి ఒక చుక్క పెట్టాను. ఎవరు తిప్పినా ఆ ఎండిన రంగు పగులుతుంది. పగిలిన రంగును మా ఆయన ముఖం ముందు పెట్టి అడుగుదామని నా ఉద్దేశం. పొద్దు వాలుతోంది, రంగు సీసా బ్రష్షు సన్నగా ఉంది, ఒకటికి రెండుసార్లు అద్దాను. పని అయ్యాక, ఇంక దొరికారు అనుకున్నాను.

తర్వాతి సోమవారం బండి మళ్లీ వణికింది. పరుగెత్తుకెళ్లి బానెట్ ఎత్తి చూస్తే గోళ్ల రంగు చెక్కుచెదరలేదు. ఎర్రగా, నిగనిగలాడుతూ, నేను పెట్టినట్టే ఉంది. గోరుతో గీకి చూశాను. గట్టిగా అంటుకుని ఉంది. చెయ్యి పడకుండా స్క్రూ ఎలా తగ్గుతుంది? స్కూలుకు ఆటోలో వెళ్లాను. ఆ రోజు తొమ్మిదో తరగతికి ఘర్షణ గురించి చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఏ బలమూ ప్రయోగించకుండా, ఆగి ఉన్న వస్తువు కదలదని అప్పుడే చెప్పి ఉన్నాను.

ఇంటికొచ్చి బండి చుట్టూ తిరిగితే ముందు టైరు గాట్లలో ఏదో పచ్చగా ఇరుక్కుని ఉంది. పుల్లతో తీస్తే నిమ్మతొక్క. కొత్త బండికి, పండగ పూజకు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడం ఎవరైనా చేసేదే. నాది కొత్త బండి కాదు. పండగా లేదు. పేటలో నిమ్మకాయలకు కొదవ లేదు గానీ, మా వాకిట్లో నిమ్మచెట్టు తోడికోడలిది.

ఆమెకు కారు మీద కక్ష ఉండటానికి కారణం కూడా ఉంది. కారు నిలబెట్టే చోటే వాకిట్లో రోజంతా ఎండ పడుతుంది. వాళ్ల చేలో మిరపకాయలు ఆరబోసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. నా కారు కారుస్తున్న ఆయిలు మరకల మీద తిండి వస్తువు ఎట్లా ఆరబోయమంటావే అని ఒకసారి పెద్ద గొడవే చేసింది. అప్పటి నుంచి మా మధ్య మాటలు లేవు. సైన్సు టీచరును అయ్యుండి ఇట్లాంటివి నమ్ముతావా అని మీరు అడగొచ్చు. నమ్మను. కానీ నేను నమ్మకపోయినా చేసేవాళ్లు చేస్తారు గదా అనుకున్నాను. సీలు పగలకుండా స్క్రూ తగ్గిన సంగతి ఒకటి ఎదురుగా ఉంది.

నిమ్మతొక్క అరచేతిలో పెట్టుకుని ఆమె అరుగు ముందు నిలబడి ఇదేంటని అడిగాను. ఆమె తొక్కను చూసింది, నన్ను చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"నా చెట్టు కాయలు ఎవరు కోసుకుపోతన్నారో నీ ఇంట్లో అడుగు" అంది. "నేను నోరు తెరవనని మాటిచ్చా. నన్ను అడగబాక."

ఎవరికి మాటిచ్చింది? లోపలికి వెళ్లి మా ఆయన్ని చూశాను. పేపరు చదువుతున్నాడు. పేపరు తలకిందులుగా లేదు గానీ, చాలాసేపు పేజీ తిప్పలేదు. ఆయన, మెకానిక్కు, తోడికోడలు, ముగ్గురూ ఒకటయ్యారని అర్థమైంది. ఆ ఇంట్లో నాకు తెలియనిది ఒకటి నడుస్తోంది. అది నా కారు చుట్టూ నడుస్తోంది.

మర్నాడు కారు తీసి వెళ్తూ అద్దంలో వెనక్కి చూస్తే, కారు నిలబడ్డ చోట నేల మీద ఏదో చల్లినట్టు కనిపించింది. దిగి చూశాను. పసుపుపచ్చటి మిరపగింజలు, ఒకటీ అరా ఎండిన తొడిమలు, సరిగ్గా కారు పొట్ట కింద ఉండే చోట. కారు అక్కడే ఉంటే దాని కింద మిరపకాయలు ఎవరూ ఆరబోయరు. అంటే నేను లేనప్పుడు కారు అక్కడ ఉండటం లేదు. నేను ఇంట్లో లేనిది, బండి ఇంట్లో ఉండేది ఒక్క ఆదివారమే. పత్తి పోగులూ, మెకానిక్కు గుసగుసలూ, అమ్మకం మాట మానేయడమూ అన్నీ ఒక్కచోటికి వచ్చాయి. ప్రతి ఆదివారం నా కారును తీసుకెళ్లి కొనేవాళ్లకు చూపిస్తున్నారు. మిల్లు వాళ్లెవరో బేరం ఆడుతున్నట్టున్నారు. నేను సంతకం పెట్టేది ఒక్కటే మిగిలింది కాబోలు. ఆ వారమంతా ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదు. కూరలో ఉప్పు మాత్రం రెండుసార్లు ఎక్కువైంది.

ఆదివారం మామూలుగానే బ్యాగు తీసుకుని బయల్దేరాను. మా ఆయన వీధి చివరి దాకా వచ్చి మరీ బస్సు ఎక్కించాడు. ఇంత ప్రేమ ఎందుకో నాకు తెలుసులే అనుకున్నాను. ఊరు దాటకముందే దిగి ఆటోలో వెనక్కి వచ్చాను.

వాకిట్లో కారు లేదు. దాని చోట పట్టా పరిచి ఉంది, పట్టా నిండా మిరపకాయలు. తోడికోడలు కాళ్లతో వాటిని తిరగేస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి వెళ్లి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసింది. ఎక్కడికి పోయారని అడిగితే, వస్తారు, కూర్చో అంది. మిరప ఘాటుకు ముక్కు కారుతోంది. ఆ ఘాటులో కూర్చుని, ఆయన్ని ఏమేమి అనాలో వరసగా తయారుచేసుకున్నాను.

చాలాసేపటికి వీధిలో నా ఇంజను చప్పుడు వినిపించింది. వణుకుతూ, దగ్గుతూ వస్తోంది. గేటు ముందు ఆరిపోయింది. మళ్లీ స్టార్టయింది, మళ్లీ ఆరిపోయింది. నేను లేచి చూశాను. మెకానిక్కు ఎడమ పక్కన కూర్చుని ఉన్నాడు. స్టీరింగు వెనక మా ఆయన. రెండు చేతులతో స్టీరింగును పట్టుకుని, చొక్కా అంతా తడిసి, నోరు కొంచెం తెరిచి. జేబు పైకి నిమ్మకాయ ఒకటి ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ అక్కడ పనికి రాలేదు. అయినా కోపం ఎక్కడికి పోతుంది, బండి ఎవరికి అమ్ముతున్నారు అని అడిగాను.

"అమ్మేదేంది" అన్నాడు మా ఆయన, దిగకుండానే. "నేర్చుకుంటన్నా."

మూతపడ్డ జిన్నింగు మిల్లు ఆవరణలో మెకానిక్కు ఆయనకు డ్రైవింగు నేర్పుతున్నాడు. ఎక్కేముందు ప్రతిసారీ చక్రం కింద నిమ్మకాయ పెట్టనిదే మా ఆయన సీట్లో కూర్చోడట. స్క్రూ సంగతి మెకానిక్కే చెప్పాడు. క్లచ్చు వదలగానే బండి దానంతట అది ముందుకు పాకుతుంటే సారుకు చేతులు చల్లబడిపోయేవట. తాను తప్పు చేస్తే బండి ఆరిపోవాలి, ముందుకు పోకూడదు, అట్లా చెయ్యమని పట్టుబట్టాడట. వణుకుద్ది సారూ, టీచరుగారు కనిపెడతారు అంటే వినలేదట. మొదట్లో మీరు షెడ్డుకు తెచ్చినప్పుడల్లా నేనే మళ్లీ బిగించేవాణ్ణి, తర్వాత మీరే సరిచేసుకుంటన్నారుగా అని వదిలేశా అన్నాడు, తేనె మాట ఏమాత్రం తగ్గకుండా.

"మరి సీలు?" అన్నాను. "గోళ్ల రంగు పగలకుండా ఎట్లా తిప్పారు?"

మెకానిక్కు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన దిగి, బానెట్ ఎత్తి, నన్ను పిలిచాడు. నా చూపుడువేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్లి స్క్రూ మీద పెట్టాడు. కింద స్ప్రింగు గరగరా తగిలింది. స్క్రూ తల మీద నూనె జిడ్డు తప్ప ఏమీ లేదు. తర్వాత వేలును పక్కకు జరిపి, స్ప్రింగు లేని ఇంకో బోల్టు మీద పెట్టాడు. నున్నగా, గట్టిగా, గోళ్ల రంగు.

"ఇదీ నువ్వేసిన సీలు" అన్నాడు.

స్క్రూ బిగించింది నా వేలూ చెవీ. రంగు పెట్టింది నా కన్ను. ఆ సంగతి అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఆయన గొంతు తగ్గించి, తోడికోడలూ మెకానిక్కూ వినకూడదన్నట్టు చెప్పాడు. వాళ్లు వింటూనే ఉన్నారు.

"నీకు కుడి పక్క సరిగ్గా కనపడట్లా. నేను పక్కన కూర్చుంటన్నాగా, చానా రోజుల నుంచి చూస్తన్నా. ఆ రోజు గుంట కాదు. సైకిలు మీద పెద్దాయన. నువ్వు ఆయన్ని చూడలా. ఈ రంగు చూశాక నాకు ఇంక నిద్ర పట్టలా."

"నాకు చెప్పొచ్చుగా" అన్నాను.

"చెబితే నువ్వు ఊరుకుంటావా? నా కన్ను బాగానే ఉందని చూపించడానికి ఇంకా జోరుగా తోలతావు. బండి అమ్ముదామంటే అన్నం మానేస్తివి. నాకు డ్రైవింగొచ్చాక చెబుదాం, అప్పుడైతే ఆసుపత్రికి నేనే తీసుకుపోవచ్చు, నువ్వు ఎవరి బండి కోసమూ కూర్చోనక్కర్లేదు అనుకున్నా."

నేను అరచేతితో ఎడమ కన్ను మూసుకున్నాను. పట్టా మీద మిరపకాయలు లేవు. ఎర్రటి మసక ఒకటి నేల మీద పరుచుకుని ఉంది. స్టూలు పక్కన నిలబడ్డ తోడికోడలికి ముఖం లేదు. చెయ్యి తీశాను, మిరపకాయలు వచ్చాయి, ఆమె ముఖం వచ్చింది, అందులో నవ్వు లేదు. మళ్లీ మూశాను, మళ్లీ తీశాను. ఇన్ని నెలల్లో ఈ పని ఒక్కసారి కూడా ఎందుకు చేయలేదు? బైకులవాళ్లను, లారీల లైట్లను, ప్లగ్గును, మేస్త్రీని, అందరినీ అనుమానించాను. నా కంటిని మాత్రం నేను కళ్లు మూసుకుని నమ్మాను.

కోపం వచ్చింది. తిట్టడానికి మనిషి దొరకలేదు. ఆ వెనకే భయం వచ్చింది. ఆ సైకిలు పెద్దాయన ఎవరో, ఆ రోజు ఇంటికి వెళ్లి ఏం తిన్నాడో, ఎవరితో ఏం మాట్లాడాడో అని ఆలోచిస్తూ స్టూలు మీద కూర్చుండిపోయాను. తోడికోడలు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"కన్ను బాగుచేయించుకోవే ముందు" అంది. "కారు నీ చోట్లోనే పెట్టుకో. నాకు ఆదివారం చాలు."

కుడి కంటికి శుక్లం అని, ఆపరేషను చేస్తే చూపు వస్తుందని డాక్టరు చెప్పాడు. ఎడమది ఇంకా బాగానే ఉందట. ఆపరేషను అయ్యి, తను సరేననేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. నేను ఇంకో డాక్టరుకు కూడా చూపించుకున్నాను. నా సంగతి మీకు తెలిసిందే. ఆయనా అదే చెప్పాడు.

ఆపరేషను రోజు పొద్దున నేనే బానెట్ ఎత్తాను. స్ప్రింగు ఉన్న స్క్రూను వేలితో తడిమి వెతుక్కుని, మా ఆయనకు కావాల్సినంత వదులు చేశాను. అన్ని సాయంత్రాలు కూర్చుని కుదురు చేసిన ఇంజను నా చేతి కిందే మళ్లీ వణకడం మొదలుపెట్టింది. వెనక అద్దం మీద ఎర్ర టేపుతో ఎల్ అక్షరం అంటించి ఉంది. మా ఆయన చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు.

నేను ఆ కారులో ఎడమ పక్కన కూర్చోవడం అదే మొదలు. అక్కడ కూర్చుంటే కాళ్ల దగ్గర బ్రేకు లేకపోవడం ఎంత కష్టమో తెలిసింది. గేటు దగ్గర ఒకసారి ఆరిపోయింది. వీధి మలుపులో ఇంకోసారి. వినాయకుడూ నా గాజులూ వణుకుతూనే ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీదకు ఎక్కేచోట మా ఆయన బండి ఆపి కుడి వైపు చూశాడు, మళ్లీ చూశాడు. ఎడమ పక్క ఒక ఆటో అడ్డంగా నిలబడి ఉంది, ఆయనకు రోడ్డు కనపడటం లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఎడం పక్క ఏమన్నా వస్తందా?" అన్నాడు.

కిటికీలోంచి తల బయటపెట్టి ఆటో అవతల దాకా చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఏమీ లేదు, పోనీయండి అన్నాను. ఆయన ఆ వైపు తల కూడా తిప్పకుండా క్లచ్చు వదిలాడు.